రక్తం గడ్డకట్టడంలో సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.ల పాత్ర

గాయపడిన చోట రక్తం గడ్డకట్టకపోతే ప్రాణాపాయం. గాయం లేని చోట, రక్తనాళం లోపలే గడ్డకడితే అదీ ప్రాణాపాయమే. కాలి సిరలో ఏర్పడిన గడ్డ విడివడి ఊపిరితిత్తులకు పోయే నాళంలో అడ్డుపడవచ్చు. హృదయ ధమనిలో ఏర్పడితే గుండెపోటు, మెదడు ధమనిలో ఏర్పడితే పక్షవాతం కలుగుతాయి. రక్తాన్ని సదా ద్రవంగా నిలుపుకొంటూ, అవసరమైన క్షణంలో, అవసరమైన చోట మాత్రమే దానిని గట్టిపరచడం శరీరానికి నిత్యకృత్యం.

రక్తనాళపు లోపొరకు వెలుపల ఉన్న కణాలలో ‘కణజాల కారకం’ అనే మాంసకృత్తు ఉంటుంది. నాళం తెగినప్పుడు అది రక్తానికి తగులుతుంది. రక్తంలోని 7వ కారకం దానితో జతకూడి 10వ కారకాన్ని ఉత్తేజపరుస్తుంది. ఆ మార్గాన త్రాంబిన్ పుట్టి, ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ప్లేట్‌లెట్లు గుమిగూడి కట్టిన అడ్డుకట్టను ఈ పోగులు వలవలె బిగిస్తాయి. వైద్య విద్యార్థులు చిరకాలంగా చదువుకొంటున్న విషయమే ఇది. అయితే ఈ మాంసకృత్తులలో ఏది, ఏ కణంలో, ఎంత తయారు కావాలన్నది నిర్ణయించేదేమిటి? ఈ ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం రక్తమే లేని ఒక ప్రాణిలో దొరికింది.

అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గారీ రవ్‌కున్ అనే శాస్త్రజ్ఞులు వేర్వేరు ప్రయోగశాలల్లో ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగు పెరుగుదలను పరిశీలించేవారు. మాంసకృత్తును తయారుచేయని, కేవలం 22 అక్షరాల పొడవుగల ఆర్.ఎన్.ఏ. తునక ఒకటి ఆ పురుగులో ఉన్నదని 1993లో వెల్లడైంది. జన్యువు ఆదేశాన్ని మోసుకొచ్చే వార్తాహర ఆర్.ఎన్.ఏ.కు అది అతుక్కొని, ఆ ఆదేశం అమలు కాకుండా తగ్గిస్తుంది. అంటే జన్యువుకు అది కళ్లెం వంటిది. ఏడేళ్లపాటు దీనిని పురుగులకే పరిమితమైన వింతగా పెక్కుమంది భావించారు. 2000లో ఇటువంటి మరొక తునక మానవులతో సహా అనేక జంతువులలో కనిపించిన తరువాతనే దీని విస్తృతి తెలిసింది. ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి లభించింది.

రక్తం విషయంలో ఆశ్చర్యం ప్లేట్‌లెట్ల నుండి వచ్చింది. వీటికి కేంద్రకం లేదు. ఆయుర్దాయం సుమారు 7 నుండి 10 రోజులు. కొత్త ఆదేశాలు రాయగల జన్యుభాండారమే లేని ఈ కణాలకు, ఆదేశాలను అదుపుచేసే యంత్రాంగంతో పనేమిటి? అయినా కెనడాలోని క్యుబెక్ పరిశోధకులు 2009లో ప్లేట్‌లెట్లలో సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.లు సమృద్ధిగా ఉన్నాయనీ, వాటిని తీర్చిదిద్దే ఎంజైము కూడా అక్కడే ఉన్నదనీ చూపారు. తల్లికణం నుండి వెంట తెచ్చుకొన్న ఆదేశాలనే ప్లేట్‌లెట్లు ఇలా సరిచూసుకొంటాయి. వాటిలో విస్తారంగా ఉండే 223వ సంఖ్య గల సూక్ష్మ ఆర్.ఎన్.ఏ., ‘పి2వై12’ అనే గ్రాహకపు ఆదేశానికి అతుక్కొంటుంది. గుండెజబ్బు రోగులకు ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్ర అడ్డగించేది సరిగ్గా ఈ గ్రాహకాన్నే! మధుమేహ రోగుల ప్లేట్‌లెట్లలో ఈ 223 తగ్గి ఉంటున్నదని 2015లో వెలువడిన ఒక జర్మన్ అధ్యయనం తెలిపింది.

మన దేశంలో ఈ సమస్యకు హిమాలయాలతో సంబంధం ఉంది. 1984 నుండి సియాచిన్ హిమానీనదంపై దేశపు నలుమూలల నుండి వచ్చిన సైనికులు కాపలా కాస్తున్నారు. అక్కడి కొన్ని స్థావరాలు 20 వేల అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నాయి. ప్రాణవాయువు కొరత వలన ఎర్రకణాలు పెరుగుతాయి, చలిలో దాహం తెలియక ఒంట్లో నీరు తగ్గుతుంది, మంచుతుఫానులు రోజుల తరబడి కదలనివ్వవు. ఇవన్నీ రక్తాన్ని చిక్కబరచి, దాని ప్రవాహాన్ని మందగింపజేసేవే. ఆరోగ్యవంతులైన యువకుల సిరలలో గడ్డలేర్పడడం మన సైనిక వైద్యులు గమనించారు.

ఉన్నత పర్వత ప్రదేశాల శరీరధర్మాన్ని అధ్యయనం చేసే ఢిల్లీలోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2017లో ఒక ముఖ్యమైన ఫలితాన్ని ప్రకటించారు. ఎలుకలలో మహాసిరను బిగించి గడ్డను కలిగించినప్పుడు 145వ సూక్ష్మ ఆర్.ఎన్.ఏ. తగ్గి, కణజాల కారకం పెరిగింది. కృత్రిమంగా తయారుచేసిన 145ను ఎక్కించగా కణజాల కారకం తగ్గింది, గడ్డ కూడా చిన్నదైంది. సిరలలో గడ్డలున్న రోగులలోనూ ఈ రెండింటి మధ్య ఇటువంటి విలోమ సంబంధమే కనిపించింది. కళ్లెం సడలితే గడ్డ పెరుగుతుందన్నమాట.

ఇంతమాత్రాన మందు చేతికందినట్లు కాదు. ఒకే సూక్ష్మ ఆర్.ఎన్.ఏ. అనేక జన్యువులను అదుపుచేస్తుంది కనుక, గడ్డను ఆపబోయి మరొక పనిని చెరిచే ప్రమాదం ఉంది. వ్యాధి నిర్ధారణకు వీటిని రక్తంలో కొలవడం కూడా చూసినంత సులువు కాదు. నమూనాలో ప్లేట్‌లెట్లు ఏ కొద్దిగా మిగిలినా లెక్క తారుమారవుతుంది. గడ్డలున్న రోగికి మొట్టమొదట ఇచ్చే హెపారిన్ అనే మందు, కొలతకు వాడే ఎంజైమునే అడ్డగిస్తుంది. అందువలన పరిశోధకులు ముందుగా హెపారినేజ్ అనే మరొక ఎంజైముతో నమూనాలోని హెపారిన్‌ను విచ్ఛిన్నం చేసి, ఆ తరువాతనే సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.లను లెక్కిస్తున్నారు.