పొగ పత్రముల వ్యాపారము – నూతన యంత్రములు

బొగ్గును కాల్చి విద్యుచ్ఛక్తిని దీయు కర్మాగారముల పొగలో గంధకము కలసియుండును. అది మేఘములలోని నీటితో గూడి ఆమ్లవర్షమై కురిసి, చెరువులలోని చేపలను, అడవులను చెఱచును. దీనిని తగ్గించుటకై అమెరికా సంయుక్త రాష్ట్రములవారు 1990 సంవత్సరమున నొక చట్టము గావించిరి. గంధకపు పొగకు మేర యేర్పఱచి, టన్నునకు ఒకటి చొప్పున కర్మాగారములకు పత్రముల నిచ్చిరి. తక్కువ విడిచినవాడు మిగిలిన పత్రముల నమ్ముకొనవచ్చును. ఎక్కువ విడిచినవాడు కొనవలయును. పత్రము లేక విడిచినచో టన్నునకు 2,000 డాలర్ల జరిమానా. ఈ ఏర్పాటు 1995లో 110 కర్మాగారములతో ఆరంభమయ్యెను.

రైతు సోదరులారా! కాలువ నీటి వంతులో మిగిలినది పొరుగువాని కమ్ముకొను హక్కు మనకున్నచో ఎంత పొదుపుగా తడి పెట్టుదుమో యోచింపుడు. పని అట్టిదే.

అంతకు మునుపు క్రొత్తగా గట్టు కర్మాగారములు పొగను సున్నపురాతి నీటితో కడుగు యంత్రమును పెట్టితీరవలెనను నిబంధన యుండెను. గంధకము నూటికి తొంబది పాళ్లు తీసిన చాలును. తొంబదియైదు తీసినవానికి లాభమేమి? కావున యంత్రజ్ఞులు ఖర్చు తగ్గించుటనే చూచిరి. 1990 తరువాత మిగిలిన ప్రతి టన్నును ధనమైనందున, మఱింత గంధకమును తీయు యంత్రములపై వారి బుద్ధి మరలెను. డేవిడ్ పాప్ అను అర్థశాస్త్రజ్ఞుడు పేటెంటు హక్కుల దస్త్రములను పరిశీలించి 2003లో ఈ సంగతిని వెల్లడించెను.

అయితే క్రొత్త యంత్రముల సంఖ్య పెరిగెనని మాత్రము తలపరాదు. రైలు కిరాయి తగ్గినందున వయోమింగు రాష్ట్రపు గంధకము తక్కువైన బొగ్గు దూరప్రాంతములకు చౌకగా జేరెను. యంత్రము పెట్టుటకంటె బొగ్గు మార్చుటయే సులభమని పెక్కండ్రు తలచిరి. కొన్ని వందల డాలర్లు పలుకునన్న పత్రము 1996లో నూరు డాలర్లలోపునకు దిగెను. పొగ తగ్గినమాట నిజము. కాని అది బేరముచేత వెదకబడిన చౌకదారియే కాని క్రొత్తదారి కాదు. ఐరోపాలో 2005లో బొగ్గుపులుసు వాయువునకు ఇట్టి పత్రములనే పెట్టి, అవసరమునకు మించి పంచిపెట్టగా, 2007లో వాని ధర దాదాపు సున్న యయ్యెను.

మన కేంద్ర ప్రభుత్వమువారును 2023లో ఇట్టి పథకమును ప్రకటించిరి. కృష్ణానది కిరుదరులను గల సిమెంటు కర్మాగారముల వంటివి దీనికి సంబంధించినవే. ఇచ్చట మేర మొత్తము పొగపై గాక, టన్ను సరకునకు ఇంతయని యుండును. ఇప్పటికే తెలిసిన బూడిద మిశ్రమముతోనే ఆ మేర తీఱునట్లున్నచో, క్రొత్త బట్టీలకై ధనము వెచ్చించువా రుండరు.