ఉపవాసం రోజు థైరాయిడ్ మాత్ర వేసుకోవచ్చా? వ్రతం, బరువు, గిరి ప్రదక్షిణ గురించి ఒక పాఠం

 

ఆషాఢం దగ్గర పడిందంటే మా సింహాచలంలో ఏ ఇంట్లో చూసినా గిరి ప్రదక్షిణ మాటే. ఎవరెవరు వస్తున్నారు, తొలిపావంచా దగ్గర ఎన్ని గంటలకి కొబ్బరికాయ కొడదాం, కాళ్ళ నొప్పులకి ఏ నూనె పట్టుకెళ్దాం అని. ఈ మాటల మధ్యలోనే ఆడవాళ్ళు నన్ను పక్కకి పిలిచి అడిగే ప్రశ్నలు రెండున్నాయి. "అక్కా, నాకు థైరాయిడ్ ఉంది. ఉపవాసం రోజు పొద్దున్నే మాత్ర వేసుకుంటే ఉపవాసం చెడిపోతుందా?" అనేది మొదటిది. "వారానికి రెండు ఉపాసాలుంటున్నానమ్మా, అయినా ఒళ్ళు తగ్గట్లేదు, ఏటి సెయ్యాల?" అనేది రెండోది.

నాకూ ఎనిమిదేళ్ళుగా థైరాయిడ్ తక్కువే. రోజూ మాత్ర వేసుకుంటాను, ఏకాదశి ఉంటాను, కొండ ఎక్కుతాను. నేను డాక్టర్ని కాదండి. మా డాక్టరుగారు నాకు ఓపిగ్గా చెప్పినవి, నేను చదివి అర్థం చేసుకున్నవి, మన సంప్రదాయం చెప్పే మాట కలిపి ఈ రోజు పాఠంగా రాస్తున్నాను. వీడియోలో సమయం సరిపోక చెప్పలేనివి కూడా ఇక్కడ ఉన్నాయి.

1. థైరాయిడ్ తగ్గితే ఒంట్లో ఏం జరుగుతుంది?

గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఒక చిన్న గ్రంథి ఉంటుంది. అదే థైరాయిడ్. అది తయారుచేసే హార్మోన్ ఒంట్లో ప్రతి అవయవానికీ కావాలి. గుండె వేగం, ఒంటి వేడి, అరుగుదల, నెలసరి, జుట్టు, చర్మం, చివరికి మన హుషారు కూడా దాని మీద ఆధారపడి ఉంటాయి.

రిపోర్టులో టీఎస్‌హెచ్ అని ఒక అంకె ఉంటుంది కదా. అది ఎక్కువ ఉందంటే థైరాయిడ్ ఎక్కువైందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తిరగబడి ఉంటుంది. టీఎస్‌హెచ్ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వేసే కేక. పిల్లాడు పలకకపోతే అమ్మ గొంతు పెంచుతుంది కదా, అలాగే థైరాయిడ్ పని తగ్గిన కొద్దీ ఆ కేక పెరుగుతుంది. అందుకే సాధారణంగా టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ నీరసించిందని అర్థం.

నాకు వచ్చినప్పుడు విశాఖ మే నెల ఉక్కలో కూడా ఫ్యాన్ తగ్గించమని అడిగేదాన్ని. మలబద్ధకం, జుట్టు రాలడం, గొంతు బరువెక్కడం, ఎంత పడుకున్నా తీరని నిద్ర. ఏడాదిలో ఏడు కిలోలు పెరిగాను. చుట్టాలంతా "తిండి ఎక్కువైంది, పని తక్కువైంది" అన్నారు. రక్తపరీక్ష చేయించాకే అసలు సంగతి తెలిసింది.

మనం ఒంటరివాళ్ళం కాదండి. హైదరాబాద్‌తో సహా దేశంలోని ఎనిమిది నగరాల్లో చేసిన ఒక సర్వే 2013లో అచ్చయింది. అందులో పరీక్షించిన పెద్దవాళ్ళలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. ఆడవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. అయోడిన్ సరిపడా దొరికే చోట దీనికి ముఖ్య కారణం మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరబడి సొంత గ్రంథి మీద దాడి చేయడం. 1912లో దీన్ని వర్ణించిన జపాన్ వైద్యుడి పేరు మీద హషిమోటో జబ్బు అంటారు. ఇది ఎవరి పాపఫలమూ కాదు, ఎవరి బద్ధకమూ కాదు.

2. మాత్ర వేసుకుంటే వ్రతం భంగమవుతుందా?

మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి నీతి చెబుతూ వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది అని లెక్కపెడతాడు. నీళ్ళు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక తీర్చడం, గురువు మాట, చివరగా ఔషధం. చూశారా అండి? ఔషధాన్ని మన పెద్దలు మినహాయింపుగా పేరు పెట్టి మరీ చెప్పారు. ఇక సందేహం దేనికి?

పైగా ఈ మాత్రకి ఉపవాసానికి గొడవే లేదు. ఇది వేసుకోవాల్సిందే ఖాళీ కడుపుతో, మంచినీళ్ళతో. ఉపవాసం రోజు పొద్దున్న కడుపు ఎలాగూ ఖాళీయే కదా!

నిర్జలంగా ఉండేవాళ్ళు మాత్రం ముందే డాక్టర్ని అడగండి. షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు అసలు ఉపవాసం ఉండొచ్చా లేదా అన్నది కూడా డాక్టరే చెప్పాలి.

మా పిన్ని ఒకావిడ కార్తీకమాసం నెలంతా మాత్ర మానేసింది. మొదటి వారం ఏమీ తేడా తెలియలేదు. "చూశావా, స్వామి దయ, మాత్ర లేకుండానే బాగున్నాను" అంది. అసలు సంగతి ఏంటంటే, ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. పాత నిల్వ మీద బండి నడుస్తుంది, అంతే. నెల తిరిగేసరికి ముఖం ఉబ్బింది, మాట ముద్దగా వచ్చింది, దీపం ముందు కూర్చుని కునికిపాట్లు పడేది. మళ్ళీ మొదలుపెట్టాక తేరుకోవడానికి రెండు నెలలు పట్టింది. నెలల తరబడి పూర్తిగా వదిలేస్తే, ముఖ్యంగా పెద్ద వయసులో, ప్రాణం మీదకి కూడా రావచ్చు.

1891 ముందు ఈ జబ్బుకి సరైన మందే లేదు. ఆ ఏడాది ఇంగ్లాండులో జార్జ్ ముర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ సారంతో ఒక స్త్రీకి వైద్యం చేశాడు. ఆవిడ ఆ తర్వాత 28 ఏళ్ళు బతికింది. ఇప్పుడు మనకి అదే హార్మోన్ చిన్న మాత్రగా దొరుకుతోంది. దొరికినదాన్ని వదులుకోవడం భక్తి కాదండి.

3. మాత్రకి ఉన్న నియమాలు

• రోజూ ఒకే సమయానికి, టిఫిన్‌కి అరగంట నుంచి గంట ముందు మంచినీళ్ళతో వేసుకోవాలి.
• కాఫీ కూడా ఆ తర్వాతే. మన ఇళ్ళల్లో లేవగానే ఫిల్టర్ కాఫీ పడాలి కదా! కాఫీతో కలిస్తే మందు సరిగ్గా ఒంటబట్టదు.
• ఐరన్, కాల్షియం మాత్రలకీ, గ్యాస్ తగ్గించే యాంటాసిడ్ మందులకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. రక్తం తక్కువని ఐరన్ వేసుకునే ఆడవాళ్ళు ఇది తప్పక గుర్తుపెట్టుకోండి.
• మన సముద్రతీరంలో చెమ్మ ఎక్కువ. సీసా మూత గట్టిగా పెట్టండి. పొయ్యి పక్కన, కిటికీ ఎండలో, స్నానాల గదిలో ఉంచకండి.
• డోస్ మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చూపించాలి. వారానికోసారి పరీక్ష చేయిస్తే డబ్బులు దండగ.
• రిపోర్టు నార్మల్ వచ్చిందని మానేయకూడదు. నార్మల్ వచ్చిందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం.
• గర్భం వచ్చిందని తెలిసిన వెంటనే డాక్టర్ని కలవాలి. అప్పుడు మందు అవసరం పెరుగుతుంది, బిడ్డ మెదడు ఎదుగుదలకి ఆ హార్మోన్ కావాలి.

ఒకే వేళ, ఖాళీ కడుపు, శుద్ధమైన నీళ్ళు, మానకుండా ప్రతిరోజూ. చదువుతుంటే మీకేమనిపిస్తోంది? ఇదే ఒక వ్రతంలా లేదూ?

4. మరి బరువు ఎందుకు తగ్గట్లేదు?

ఇది కొంచెం చేదు మాట, అయినా చెప్పాలి. థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి అయిదు కిలోల లోపే ఉంటుంది. అందులో కూడా ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన ఉప్పు, నీరు. మాత్ర సరిపడినప్పుడు ఆ నీరు దిగిపోతుంది. నాకు ఏడు కిలోల్లో మూడు అలా తగ్గాయి. మిగిలిన నాలుగూ కదల్లేదు. వాటి సంగతి తిండితో, నడకతో చూసుకోవాల్సిందే.

మన అప్పన్న స్వామినే చూడండి. అక్షయ తృతీయ నాడు చందనం ఒలిచి నిజరూప దర్శనం ఇచ్చాక, మళ్ళీ చందనం పూత ఒక్కరోజులో పూర్తికాదు. ఆ రోజు మూడు మణుగులు, వైశాఖ పౌర్ణమికి మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, ఆషాఢ పౌర్ణమికి మూడు. నాలుగు విడతల్లో స్వామి నిత్యరూపానికి వస్తారు. స్వామి సేవకే విడతలున్నప్పుడు మన ఒంటికి తొందరెందుకు? డోస్ కూడా అలాగే విడతల్లో సర్దుబాటవుతుంది. బరువూ అంతే, నెలకి ఒకటి రెండు కిలోలు తగ్గినా అది నిలిచే తగ్గుదల.

తొందరపడి రెండు మాత్రలు వేసుకునేవాళ్ళూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. డోస్ ఎక్కువైతే గుండె దడ, గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం వస్తాయి. ఇది బరువు తగ్గించే మందు కాదు, లేనిదాన్ని భర్తీ చేసే మందు.

ఇక ఉపవాసం సంగతి. పగలంతా ఏమీ తినకుండా, సాయంత్రం సగ్గుబియ్యం కిచిడీ, బంగాళాదుంప వేపుడు, పైన రెండు లడ్డూలు తింటే లెక్క సమానమైపోతుంది. పైగా రోజుల తరబడి తిండి బాగా తగ్గించేస్తే ఒళ్ళు కూడా పొదుపు మొదలుపెట్టి, చురుకైన హార్మోన్ టీ3ని తగ్గించుకుంటుంది. ఉపవాసం దేవుడికి దగ్గరగా ఉండటానికి చేసేది. బరువు కోసం అయితే రోజువారీ పళ్ళెం మార్చాలి. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, కూర, పెరుగు పెంచండి. ప్రసాదం కళ్ళకద్దుకుని ఒక చెంచా తీసుకుని మిగతాది పదిమందికీ పంచండి, పంచితేనే కదా అది ప్రసాదం! కొండ మీద అనాస, పనస దొరికే కాలంలో ముక్కలు తినండి, రసం తాగకండి. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉడికించి మామూలుగా తినొచ్చు, భయం అక్కర్లేదు.

5. ఉప్పు విషయం

ఉపవాసాల్లో సైంధవ లవణం వాడతాం. ఆ ఒక్కరోజుకి ఇబ్బంది లేదు. కానీ ఈ మధ్య కొందరు ఏడాది పొడుగునా అదే వాడుతున్నారు. అందులో విడిగా కలిపితే తప్ప అయోడిన్ దాదాపు ఉండదు. "మన నౌపడా కళ్ళుప్పు సముద్రపుదే కదా, అందులో ఉంటుంది" అంటారు. సముద్రపు నీటిని ఎండబెట్టి తీసిన ఉప్పులో కూడా, విడిగా కలపకపోతే, అయోడిన్ మనకి సరిపోయేంత ఉండదు.

1956లో కాంగ్రా లోయలో మొదలైన పరిశోధనలో డాక్టర్ వులిమిరి రామలింగస్వామి బృందం అయోడిన్ కలిపిన ఉప్పుతో గొంతువాపు తగ్గుతుందని చూపించింది. ఆయన మన శ్రీకాకుళంలో పుట్టినవారే. దేశమంతా అయోడిన్ ఉప్పు రావడానికి ఆ పని పెద్ద ఆధారం. కాబట్టి రోజువారీ వంటకి అయోడిన్ ఉప్పే వాడండి. అలాగని థైరాయిడ్ ఉన్నవాళ్ళు అయోడిన్ మందులు సొంతంగా వేసుకోకూడదు, అతిగా అయినా గ్రంథికి చేటే.

6. గిరి ప్రదక్షిణకి వెళ్ళేవాళ్ళకి

32 కిలోమీటర్లండి. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, సముద్రతీరం, వెంకోజీపాలెం, సీతమ్మధార, మాధవధార మీదుగా మళ్ళీ కొండ కిందికి. ఈ ఒక్క నడకతో బరువు తగ్గుతుందని ఆశపెట్టుకోకండి. మొత్తం నడిచినా కరిగే కొవ్వు దాదాపు పావు కిలో. అదే రోజుకి అరగంట, అంటే సుమారు రెండున్నర కిలోమీటర్లు నడిస్తే, పదమూడు రోజులకి ఒక గిరి ప్రదక్షిణ దూరం అవుతుంది. ఏడాదికి ఇరవై ఎనిమిది! నేను మాత్రం వారంలో రెండు రోజులు తొలిపావంచా నుంచి మెట్లెక్కుతాను, మిగతా రోజులు కొండ కింద నడుస్తాను. ఆ మిగిలిన నాలుగు కిలోలు తగ్గడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

కొత్తగా థైరాయిడ్ బయటపడినవాళ్ళు, ఆయాసం, కాళ్ళవాపు ఉన్నవాళ్ళు టీఎస్‌హెచ్ దారికి వచ్చేదాకా ఆగండి. కొండ ఎక్కడికీ పోదు. వెళ్ళేవాళ్ళు మర్నాటి మాత్రని అట్టతోనే సంచిలో పెట్టుకోండి. తెల్లారి దారిలో ఉన్నా నీళ్ళతో వేసుకుని, ఆ తర్వాతే టీ తాగండి. మజ్జిగ, నీళ్ళు దారి పొడుగునా తాగుతూ ఉండండి.

ఇంట్లో ఎవరైనా ఊరికే అలసిపోతుంటే, చలి అంటుంటే, బరువు పెరుగుతుంటే "బద్ధకం" అని ముద్ర వేయకండి. ఒక్క రక్తపరీక్ష చేయించండి. ప్రైవేటుకి వెళ్ళలేనివాళ్ళకి మన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో హార్మోన్ల వైద్య విభాగం ఉంది.

ఈ వారం చేయాల్సిన సంకల్పం ఒక్కటే. రేపు పొద్దున్న మాత్ర చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం స్వామిని తలుచుకుని, నీళ్ళతో వేసుకోండి. ఏకాదశి అయినా, శనివారం అయినా, పౌర్ణమి అయినా సరే. ఆ ఒంట్లో ఓపిక ఉంటేనే కదా అండి, కొండెక్కి అప్పన్నని కళ్ళారా చూసేది!

శుభం భూయాత్.