కలరా ఉండలు – ఉపయోగము, అపాయము

బట్టల పెట్టె మూత తీయగనే గుప్పుమను ఘాటైన వాసన మనకందరకు పరిచితమే. పట్టుచీరల మడతల నడుమ నుంచు ఆ తెల్లని ఉండలను మన ప్రజలు ‘కలరా ఉండలు’ అని పిలుచుచున్నారు. ఈ పేరే ఒక పొరపాటునకు మూలమగుచున్నది.

కలరా కలుషితమైన నీటివలనను, ఆహారమువలనను వ్యాపించు వ్యాధి. 1884లో రాబర్ట్ కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కలకత్తాలో ఈ వ్యాధిక్రిమిని వేరుచేసి చూపెను. ఉండల వాసన ఆ క్రిమి నేమియు చేయజాలదు. కలరాను అరికట్టుటకు ముఖ్యమైనవి శుభ్రమైన త్రాగునీరు, మరుగుదొడ్డి, చేతుల శుభ్రత.

మరి ఈ ఉండ యేమి? ఇది నేలబొగ్గు తారునుండియు, పెట్రోలియమునుండియు తీయు నాఫ్తలీను అను పదార్థము. ఇది కరగి ద్రవము కాకయే ఆవిరియై పోవును. అందుచేతనే ఉండ నానాటికి చిన్నదగుచుండును. గట్టిగా మూసిన పెట్టెలో ఈ ఆవిరి నిండి, పట్టు, ఉన్ని బట్టలను కొరుకు చిమ్మట పురుగులను చంపును. ఇదియే దీని ఉపయోగము. తెరచియున్న గదిలో వ్రేలాడగట్టినను, పాములు రాకుండుటకై ఇంటిచుట్టు చల్లినను ప్రయోజనము లేదు. ఆ ఆవిరిని పీల్చువారు ఇంటిల్లిపాదియే. మనుష్యులకు క్యాన్సరు కలిగించు అవకాశము గల పదార్థములలో నాఫ్తలీనును ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2002లో చేర్చినది.

అపాయము ముఖ్యముగా పసిబిడ్డలకు. నాఫ్తలీను శరీరములో ప్రవేశించి రక్తములోని ఎఱ్ఱకణములను పగులగొట్టును. జి6పిడి అను ఎంజైము పుట్టుకతోనే కొరవడిన వారికి కొద్దిపాటి నాఫ్తలీను సయితము ప్రమాదకరము. ఈ లోపము మగపిల్లలలో ఎక్కువ. పైకి వారు ఆరోగ్యవంతులుగనే కనిపింతురు గనుక, ఎవరికి ఈ లోపము కలదో తల్లిదండ్రులకు తెలియదు. నవజాత శిశువునకు కామెర్లు ముదిరినచో మెదడు సయితము దెబ్బతినును. పెట్టెలో దాచిన పాతబట్టలను తీసి, నూనె రుద్దిన బిడ్డకు అట్లే చుట్టుట మన ఇండ్లలో కలదు. నూనె పూసిన చర్మము ఈ విషమును మరింత సులభముగా పీల్చుకొనును. కావున అట్టి బట్టలను సబ్బుతో ఉతికి, ఎండలో బాగుగా ఆరవేసిన పిదపనే వాడవలెను. పసిబిడ్డల బట్టల నడుమ ఈ ఉండలను ఉంచనే రాదు.

పిప్పరమెంటు బిళ్ళయని పిల్లలు ఉండను మ్రింగుటయు కలదు. అప్పుడు పాలు, నూనె, నెయ్యి పట్టరాదు. క్రొవ్వుతో కలసిన విషము త్వరగా రక్తములో చేరును. వాంతి చేయింపరాదు. వెంటనే 108కు ఫోను చేసి, మిగిలిన ఉండలను, పొట్లమును తీసికొని ఆసుపత్రికి పోవలెను. బిడ్డ అప్పటికి ఆడుకొనుచున్నను నిర్లక్ష్యము తగదు. ఒకటి రెండు దినముల తరువాత మొగము పాలిపోవుట, కన్నులు పచ్చబడుట, మూత్రము నల్లని కాఫీరంగున వచ్చుట జరుగవచ్చును. తగిన సమయములో చికిత్స, అవసరమైనచో రక్తము ఎక్కించుట వలన ప్రాణము దక్కును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పని స్వల్పము, ఫలము గొప్పది. గ్రామసభలో ఈ విషయము నొకమారు చెప్పవలెను. బాలింతలున్న ఇండ్లకు ఆశా కార్యకర్తల ద్వారా తెలియజేయవలెను. తినుబండారముల ప్రక్కన ఈ ఉండలను విడిగా పోసి అమ్మవద్దని దుకాణదారులను కోరవలెను. బట్టలను ఉతికి, ఎండబెట్టి, మూత బిగువైన పెట్టెలో దాచినచో చాలవరకు ఈ ఉండల అవసరమే యుండదు. తప్పనిసరియైనచో పిల్లల కందని ఎత్తున, తాళమువేసిన పెట్టెలోనే వాడుదురుగాక!

పేరులో కలరా యున్నంతమాత్రమున అది మందు కాదు, విషమే. ఈ ఒక్కమాట ప్రతి గడపకు చేరినచో, మన గ్రామములో ఒక పసిప్రాణమైనను నిలుచును.