ఎల్‌ఇడి దీపమాలలు: సురక్షితముగా వెలిగించు విధానము

పండుగ దినములలో గృహములను, దేవాలయ ప్రాంగణములను అలంకరించుటకు నేడు ఎల్‌ఇడి దీపములు విరివిగా వాడబడుచున్నవి. ఇవి చిన్నవి, తక్కువ విద్యుత్తుతో వెలుగును, పాత బల్బుల వలె చేయి కాలునంత వేడెక్కవు. అందుచేత వీనివలన అపాయము లేదని పలువురు తలంతురు. ఈ తలంపు సరియైనది కాదు. దీపము చిన్నదైనను, దానికి విద్యుత్తు నందించు వలయము సక్రమముగా లేనిచో దీపము మాడిపోవుటయే గాక, అగ్నిప్రమాదమును ప్రాణహానియు సంభవింపవచ్చును. కావున ఇంటిలో దీపమాలను తయారుచేయగోరు యువతీయువకులు రెండు సూత్రములను ముందుగా గ్రహింపవలెను. మొదటిది: దీపములో ప్రవహించు విద్యుత్తునకు హద్దు ఉండవలెను. రెండవది: గోడలోని విద్యుత్తు చేతికి అందకుండవలెను.

దీపము యొక్క స్వభావము

విద్యుత్తును ఒకే దిశలో పోనిచ్చు పరికరమును డయోడు అందురు. అట్లు పోవునపుడు కాంతినిచ్చు డయోడే ఎల్‌ఇడి. 1962వ సంవత్సరమున అమెరికాలో నిక్ హోలోన్యాక్ ఎర్రని కాంతినిచ్చు ఎల్‌ఇడిని రూపొందించెను. ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఇడిని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించెను. నేటి తెల్లని దీపములలో పెక్కు, పసుపు కాంతినిచ్చు పూత పూసిన నీలి దీపములే.

ఎర్రని దీపము వెలుగుటకు సుమారు 2 వోల్టులు, తెల్లని దీపమునకు సుమారు 3 వోల్టులు కావలెను. ఆపైన వోల్టేజి కొంచెము పెరిగినను ప్రవాహము మిక్కిలి పెరుగును. పాత బల్బులోని తీగ వేడెక్కిన కొలది దాని నిరోధము హెచ్చి, ప్రవాహమును తానే అడ్డుకొనును. ఎల్‌ఇడి స్వభావము ఇందుకు విరుద్ధము. అది వేడెక్కిన కొలది, అదే వోల్టేజి వద్ద మరింత ప్రవాహమును పోనిచ్చును. ఆ ప్రవాహము వలన మరింత వేడెక్కి, తుదకు మాడిపోవును. చెరకు తోటకు నీరు పారించు కాలువకు తూము ఎట్లవసరమో, ఎల్‌ఇడికి నిరోధకము అట్లవసరము.

నిరోధకమును లెక్కించుట

12 వోల్టుల సరఫరాకు మూడు తెల్లని దీపములను వరుసగా, అనగా శ్రేణిలో, కలుపుదమని అనుకొందము. ఒక్కొక్క దీపమునకు 3.2 వోల్టులు, మూడింటికి 9.6 వోల్టులు. మిగిలినది 2.4 వోల్టులు. చిన్న దీపమునకు తగిన ప్రవాహము 20 మిల్లీ ఆంపియరులు, అనగా 0.02 ఆంపియరు. ఓమ్ నియమము ననుసరించి 2.4ను 0.02చే భాగించిన 120 ఓములు వచ్చును. ఆ నిరోధకములో వేడిగా మారు శక్తి 0.048 వాట్లు మాత్రమే. కావున పావు వాటు నిరోధకము చాలును. దీపమునకు గల రెండు కాళ్లలో పొడవైనది ధన ధ్రువము వైపునకు రావలెను.

ఇట్టి వరుసలు పది కావలసినచో, ప్రతి వరుసకును వేరు నిరోధకమును పెట్టవలెను. అన్నింటికి కలిపి ఒక్కటే పెట్టినచో, తక్కువ వోల్టేజికే వెలుగు వరుస అధిక ప్రవాహమును లాగికొని ముందుగా చెడిపోవును. పిదప ఆ భారము తక్కిన వానిపై పడును.

గోడలోని విద్యుత్తు

మారిషస్‌లో గృహ విద్యుత్తు 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మరు లేకుండ, కెపాసిటరుతోనే ప్రవాహమును తగ్గించు చవక వలయములు కలవు. వానిలో దీపములు చక్కగానే వెలుగును గాని, ప్రతి తీగయు గోడలోని విద్యుత్తుతో నేరుగా కలిసియుండును. తొడుగు చినిగిన చోట బాలుడు చేయి పెట్టినచో ప్రాణాపాయమే. ఉగాది నాటికి ఇచట వర్షములు ఇంకను పడుచుండును. తడిసిన చేతికి, తడిసిన నేలకు ప్రమాదము ఇబ్బడి యగును.

కనుక రెండు వైపుల నడుమ విద్యుత్ సంబంధము లేని 12 వోల్టుల అడాప్టరునే వాడవలెను. చతురస్రములో చతురస్రము గల గుర్తు రెట్టింపు తొడుగును సూచించును. అడాప్టరు శక్తి అవసరమున కంటె ఎక్కువగా నుండవలెను: దీపమాలకు 2 ఆంపియరులు కావలసినచో, 3 ఆంపియరుల అడాప్టరు తగును. అడాప్టరును వానకు తడియని చోట నుంచవలెను.

వెలుగును నియంత్రించుట

ఎల్‌ఇడి వెలుగును తగ్గించుటకు, దానిని క్షణమునకు కొన్ని వందల మార్లు వెలిగించి ఆర్పుట మేలైన పద్ధతి. కన్ను ఆ ఆరుటను గుర్తింపదు. సగము కాలమే వెలిగినచో సగటు ప్రవాహము సగమగును. 1972లో వెలువడిన 555 అను చిప్పు ఈ పనికి నేటికిని ఉపయోగపడుచున్నది. అది తట్టుకొనగల ప్రవాహము 200 మిల్లీ ఆంపియరులు మాత్రమే. పైన చెప్పిన వరుసలు పదింటితోనే ఆ హద్దు నిండును. కావున వరుసల భారమును చిప్పుపై వేయక, మాస్ఫెట్ ట్రాన్సిస్టరుకు అప్పగించుట క్షేమము.

అభ్యాసము

ప్రశ్న: పై 120 ఓముల దీపమాలను ఊరేగింపు కొరకు కారు బ్యాటరీకి కలిపిరి. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ వోల్టేజి 14.4 వరకు పెరిగినది. ఏమి జరుగును?

జవాబు: 14.4 నుండి 9.6 తీసివేయగా మిగిలినది 4.8 వోల్టులు. దీనిని 120చే భాగించిన 0.04 ఆంపియరు, అనగా 40 మిల్లీ ఆంపియరులు. వోల్టేజి అయిదింట ఒక వంతు పెరుగగా ప్రవాహము రెట్టింపైనది. దీపములు త్వరలో మాడును. కావున సరఫరా చేరగల అత్యధిక వోల్టేజిని బట్టియే లెక్క కట్టవలెను. ఇచట 240 ఓములు తగును. అంతియే గాక, బ్యాటరీ తీగలు ఒకదానికొకటి తగిలినచో వందల ఆంపియరులు పారి నిప్పు పుట్టవచ్చును. ధన ధ్రువము చెంతనే ఫ్యూజు నుంచుట మరువరాదు.