ఇనార్గానిక్ చదివితే ఉద్యోగం ఎక్కడ?

ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో స్పెషలైజేషన్ అనగానే మన విద్యార్థుల్లో ఎక్కువమంది ఆర్గానిక్ వైపే మొగ్గుతారు. హైదరాబాద్, విశాఖ చుట్టూ ఫార్మా కంపెనీలు కళ్లెదుటే ఉన్నాయి కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ ఇనార్గానిక్ తీసుకుని, పాలీఆక్సోమెటలేట్లను లోహ-సేంద్రియ చట్రాల్లో ఇమిడ్చే పరిశోధనలో చేరితే బతుకుతెరువు ఉండదన్న మాట సగమే నిజం. ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన రాదు, నిజమే. ఆ పనిలో అబ్బే నైపుణ్యానికి మాత్రం గిరాకీ ఉంది.

అదెలాగో తెలియాలంటే ల్యాబ్‌లో జరిగేదేమిటో చూడాలి. పాలీఆక్సోమెటలేట్లు ప్రధానంగా టంగ్‌స్టన్, మాలిబ్డినం వంటి లోహాలు ఆక్సిజన్‌తో కట్టుకున్న గుంపులు. 1933లో శాస్త్రవేత్త కెగిన్ ఎక్స్‌రేల సాయంతో ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లం నిర్మాణాన్ని తేల్చాడు: ఒక ఫాస్ఫరస్ చుట్టూ 12 టంగ్‌స్టన్‌లు, 40 ఆక్సిజన్‌లు. బలమైన ఆమ్లం, పైగా ఎలక్ట్రాన్లను తీసుకుని తిరిగి ఇచ్చేయగలదు. ఉత్ప్రేరకానికి ఇంతకన్నా ఏం కావాలి? చిక్కల్లా అది నీటిలో కరిగిపోవడమే. చర్య ముగిశాక వేరుచేయడం కష్టం. అందుకే దాన్ని రాగి లవణం, ట్రైమెసిక్ ఆమ్లంతో కలిపి, టెఫ్లాన్ లైనర్ ఉన్న స్టీలు ఆటోక్లేవ్‌లో వేడిచేస్తారు. రాగి, ట్రైమెసిక్ ఆమ్లం (దీన్నే లిగాండ్ అంటారు) కలిసి కట్టే చట్రం, ఏర్పడుతూనే పాలీఆక్సోమెటలేట్‌ను తన గదుల్లో బంధిస్తుంది. పీహెచ్ కాస్త తేడా వచ్చినా మరో పదార్థం తయారుకావచ్చు. ఇక ఈ ఉత్ప్రేరకంతో చర్య 95 శాతం జరిగిందని చెబితే సరిపోదు. వేడిగా ఉండగానే ఉత్ప్రేరకాన్ని వడకట్టి తీసేయాలి. మిగిలిన ద్రవంలో చర్య ఇంకా సాగుతుంటే, చట్రంలోంచి కరిగి బయటపడ్డదే పనిచేస్తున్నట్టు. ఈ పరీక్ష లేని పేపర్‌ను నమ్మడం కష్టం.

ఇలాంటి హైబ్రిడ్‌తో నడిచే ఫ్యాక్టరీ ఏదని అడగొచ్చు. లిగాండ్ల ఖరీదు ఎక్కువ, చాలా చట్రాలు నీటికి ఆగవు, అభ్యంతరం న్యాయమైనదే. లోహ-సేంద్రియ చట్రాలకు బాటవేసిన కిటగావా, రాబ్సన్, యాగీలకు 2025లో నోబెల్ వచ్చింది గానీ, నోబెల్‌తో ఉద్యోగాలు పుట్టవు. అయితే పాలీఆక్సోమెటలేట్లు మాత్రం పరిశ్రమ గడప ఎప్పుడో దాటాయి: వాటి సాయంతో ఇథిలీన్ నుంచి నేరుగా ఎసిటిక్ ఆమ్లం తీసే ప్లాంటును జపాన్‌లో షోవా డెంకో 1997లోనే నడిపించింది. అంతకన్నా దగ్గరి సంగతి మరొకటి. ఈ హైబ్రిడ్‌ల కోసం నేర్చిన పౌడర్ ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణాన్ని చూసే పద్ధతి)తోనే ఫార్మా కంపెనీలు మందుల స్ఫటిక రూపాలను గుర్తుపడతాయి. చర్య ఎంత జరిగిందో కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ వాటి క్వాలిటీ ల్యాబుల్లో రోజువారీ పని. అంటే ఆర్గానిక్ వాళ్లు వెళ్లే గేటు మీకూ తెరిచే ఉంటుంది.

సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే తొలి రెండేళ్లు నెలకు రూ.37,000 ఫెలోషిప్ అందుతుంది. పీహెచ్‌డీలో చేరేముందు గైడ్‌ను ఒక్క మాట అడగండి: ఎక్స్‌ఆర్‌డీ తీసే డిఫ్రాక్టోమీటర్‌పై డేటాను మీ చేతులతో తీయనిస్తారా, శాంపిల్ పంపి రిపోర్టు తెప్పించుకోమంటారా? రెండోదే జవాబైతే మరో ల్యాబ్ చూసుకోండి.