ఆకుల అందము

తోట యనగానే పలువురకు పువ్వులే తలపునకు వచ్చును. కాని పువ్వు నాలుగు దినముల చుట్టము. ఆకు ఏడాది పొడుగునను ఇంటిమనిషి.

హైదరాబాదులోని శ్రీనగర్ కాలనీ, జూబిలీహిల్సు ప్రాంతములు రాతిగుట్టల నేలలు. అచటి తోటలలో మండువేసవిని గులాబి వాడినను, నీరు పోసిన క్రోటను వన్నె చెడక నిలుచును. దాని ఆకులలోని పసుపునకు కెరోటినాయిడులును, ఎరుపునకు ఆంథోసయనినులును కారణములు. నీడ నుంచినచో ఆ రంగులు తగ్గి ఆకుపచ్చయే మిగులును. ఇది యెరుగక వరండామూలను పెట్టి, తోటమాలిని నిందించువారు కలరు!

రంగొకటియే చాలదు. వెడల్పైన అరటియాకు ప్రక్కను సన్నని ఫెర్ను నుంచి చూడుడు. రెండింటి సొగసును తెలియును.

గుట్టమీది పాతచెట్లను కొట్టించి, నిత్యము నీరు కోరు పచ్చికను పరపించుట నేటి వేడుక. జూబిలీహిల్సుననే, 1998లో జాతీయోద్యానమైన కాసు బ్రహ్మానందరెడ్డి వనము కలదు. అచటి సీతాఫలపు చెట్లు ఎండలకు మోడులై, తొలకరికి లేబచ్చని ఆకులు తొడుగును. ఆ కూర్పు ఏ తోటమాలిదియు కాదు.

మన పెరటి వేప సంగతియు అంతే. దాని రాగివన్నె చిగుళ్లు కొలదిదినములకే పచ్చబారిపోవును. చూడగోరువారు ఉగాదినాటికే చూడవలెను.