పాలంపేట: ఊరు, గుడి, చెరువు

చిక్కడపల్లి లైబ్రరీలోనో, అశోక్‌నగర్ టీ కొట్టు దగ్గరో రామప్ప గుడి గురించి అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది: 1213, రేచర్ల రుద్రుడు, యునెస్కో. పోటీ పరీక్షల ప్రిలిమ్స్‌కు అది చాలు. మెయిన్స్‌కు మాత్రం ఆ గుడి ఉన్న పాలంపేటను ఒక ఊరిగా చదవాలి.

ఎవరు కట్టించారు?

ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలోని చిన్న పల్లె ఇది. కాకతీయ రాజు గణపతిదేవుడి (1199–1262) సేనాని రేచర్ల రుద్రుడు ఇక్కడ రుద్రేశ్వరాలయం, అంటే రామప్ప గుడి, కట్టించాడు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు కాకతీయ రాజు. అదీ రుద్రేశ్వరాలయమే. రాజునూ సేనానినీ కలిపేయకండి. రామప్ప శిల్పి పేరని జనశ్రుతి.

ఎలా నిలిచింది?

పునాది గోతిని ఇసుకతో నింపి, దాని మీద గుడి లేపారు. భూమి కంపిస్తే ఆ కుదుపును ఇసుక కొంత తనలోనే ఇముడ్చుకుంటుంది. పై బరువు తగ్గించడానికి శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. ఈ రెండు అంశాలనూ ఒకే కారణానికి ముడిపెట్టి రాయండి, మార్కులు అక్కడే ఉన్నాయి. గుడిలోని నల్లరాతి మదనికల (నర్తకీ శిల్పాల) గురించి రాసేటప్పుడు అదే కాలపు జాయప సేనాని నాట్య గ్రంథం ‘నృత్తరత్నావళి’ని, ఈ శిల్పాల ఆధారంగా పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోసిన నటరాజ రామకృష్ణను తప్పక ప్రస్తావించండి.

చెరువును వదలొద్దు

గుట్టల మధ్య కట్ట వేసి రామప్ప చెరువును నిలిపిందీ రేచర్ల రుద్రుడే. ఇప్పటికీ దాని కింద పొలాలు పండుతున్నాయి. పాకాల, లక్నవరం కూడా కాకతీయుల కాలంవే. ఊరు, గుడి, చెరువు కలిపి కట్టడం వారి పద్ధతి. నా దృష్టిలో రామప్పలో అన్నిటికన్నా గొప్ప విషయం ఇదే.

గుర్తింపు, ఆ తర్వాత

రామప్ప గుడి 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దేశంలో 39వది, తెలుగు నేలపై మొదటిది. ఊరూ కట్టడమూ కలిసి ఉన్న మరో చోటుతో పోల్చి చూడండి: ఇంగ్లండ్‌లోని ఏవ్‌బరీలో కొన్ని ఇళ్లు ప్రాచీన రాతి వలయం లోపలే ఉన్నాయి. దానికి 1986లో స్టోన్‌హెంజ్‌తో కలిపి గుర్తింపు వచ్చింది. అక్కడా ఇక్కడా ప్రశ్న ఒకటే: మనుషులు బతికే ఊళ్లో కట్టడాన్ని కాపాడేదెలా? మన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ హద్దుల్లో ఇల్లున్న రైతు వైపు నుంచి కూడా జవాబు రాయడం సాధన చేయండి.